స్పానిష్ నోట్స్: లేదన్నాడు, చెయ్యనన్నాడు, ససేమిరా అన్నాడు

ఈ నెలంతా నెగార్ (కాదనడం) అనే స్పానిష్ క్రియ చుట్టూనే తిరిగాను. స్పానిష్‌లో కాదనడానికి 'నొ' ఒక్కటి చాలు. కానీ ఎవరో కాదన్నారనో, ఒప్పుకోలేదనో చెప్పాలంటే నెగార్, నెగార్సె, రెచసార్, రెఉసార్, దెనెగార్, దెస్మెంతీర్ అన్నీ వరసగా వచ్చి నిలబడతాయి. వీటికి అర్థాల పట్టిక బట్టీపట్టడం కన్నా, క్రియ వెనక ఏం వస్తుందో చూడటమే నాకు ఎక్కువ పనికొచ్చింది.

(నోట్‌బుక్‌లో తెలుగు లిపిలోనే రాసుకుంటాను. స్పానిష్ త, ద మన త, దలకు బాగా దగ్గర. నొక్కి పలికే అచ్చుకి దీర్ఘం పెడతాను. ఉచ్చారణ లాటిన్ అమెరికాది.)

అసలు కీలకం ఈ రెండు వాక్యాల్లో ఉంది.

సంతకం పెట్టలేదన్నాడు: నెగో అబేర్ ఫిర్మాదొ.
సంతకం పెట్టనన్నాడు: సె నెగో అ ఫిర్మార్.

మొదటిది జరిగిందంటున్న దాన్ని కాదనడం. రెండోది చెయ్యమన్న పనికి ఒప్పుకోకపోవడం. క్రియ ఒకటే, 'సె', 'అ' చేరేసరికి అర్థం మారిపోయింది. ఇంగ్లిష్ మీదుగా వెళ్తే రెండు వేరువేరు క్రియలు గుర్తుపెట్టుకోవాలి. మనకు ఆ అవసరం లేదు, ఈ తేడాని తెలుగు 'పెట్టలేదు', 'పెట్టను' అని చక్కగా చూపిస్తోంది. అందుకే నోరు తెరిచే ముందు వాక్యాన్ని తెలుగులో అనుకుంటాను. 'లేదన్నాడు' వస్తే ఉత్త నెగార్, వెనక అబేర్ (పని జరిగిపోయిందని చూపే సహాయక క్రియ). 'పెట్టను, రాను, చెప్పను' లాంటిది వస్తే 'సె' చేరిన నెగార్, అంటే నెగార్సె, వెనక 'అ'. 'అతనెవరో తెలియదన్నాడు' కూడా మొదటి వైపుదే. కాకపోతే అక్కడ జరిగిపోయిన పని లేదు కాబట్టి అబేర్ అక్కర్లేదు: నెగో కొనొసేర్లొ.

ఒకటి మాత్రం విడిగా నేర్చుకోవాలి. 'వీసా ఇవ్వం అన్నారు' అంటే ఇవ్వడానికి ఒప్పుకోలేదని అర్థం కదా, అక్కడ సె నెగారొన్ అ దార్లె ల బీస అనొచ్చు. కానీ కాదన్న వస్తువునే నేరుగా చెబితే 'సె' పోయి, ఎవరికి కాదన్నారో వాళ్ల తరఫున 'లె' వస్తుంది: లె నెగారొన్ ల బీస. ఇదే మాట అధికారిక ఉత్తరంలో అయితే దెనెగార్ కనిపిస్తుంది. అర్జీలు, దరఖాస్తుల భాష అది, ఇంట్లో వాడితే బరువుగా ఉంటుంది.

సాధనకి స్పెయిన్ పత్రికల్లో కోర్టు వార్తలు చదువుతున్నాను. సె నెగో అ దెక్లరార్, అంటే వాంగ్మూలం ఇవ్వనన్నాడు, అక్కడ తరచూ తగులుతుంది. 1978 నాటి స్పెయిన్ రాజ్యాంగం 24వ అధికరణం ప్రకారం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పకుండా ఉండే హక్కు నిందితుడికి ఉంది. అదే వార్తలో కింద నెగో అబేర్ కొబ్రాదొ, డబ్బు తీసుకోలేదన్నాడు, అని కూడా ఉంటుంది. రెండు వాడుకలూ పక్కపక్కనే దొరికే చోటు ఇంతకన్నా లేదు.

వినడం మాత్రం కష్టంగానే ఉంది. సె నెగో అ అబ్రీర్ అన్నప్పుడు రెండు 'అ'లూ కలిసిపోతాయి. గ కూడా అచ్చుల మధ్య మెత్తబడిపోతుంది. కాబట్టి చెవి పెట్టాల్సింది ముందున్న 'సె' మీద.

నెగార్ వర్తమాన రూపాలు, నేను, నువ్వు, అతను, మేము, వాళ్లు వరసలో: నియేగొ, నియేగస్, నియేగ, నెగామొస్, నియేగన్. 'మేము' దగ్గర 'ఇయే' రాదు. రెఉసార్‌లో రెఊసొ అంటే నేను ఒప్పుకోను, రెఉసో అంటే అతను ఒప్పుకోలేదు. తేడా అంతా ఎక్కడ నొక్కుతామన్న దాంట్లోనే ఉంది. స్పానిష్ అకాడమీ వారి ఆన్‌లైన్ నిఘంటువులో ప్రతి క్రియకూ పూర్తి రూపాల పట్టిక ఉచితంగా ఉంది, అది తెరిచి పెట్టుకునే చదువుతాను. ఈ రెఉసార్ వెనక పని నేరుగా వస్తుంది: రెఉసో పగార్. అమెరికా ఖండపు స్పానిష్‌లో సె రెఉసో అ పగార్ కూడా బాగా వాడుకలో ఉంది. రెచసార్ (తిరస్కరించడం) వెనక నేను నామవాచకమే పెడతాను: ప్రతిపాదన, ఆహ్వానం, ఉద్యోగం.

నెగార్ వెనక 'కె' (మన 'అని' లాంటిది) వస్తే తర్వాతి క్రియ సబ్‌జంక్టివ్‌లో, అంటే నిజమని ఖాయంగా చెప్పనప్పుడు వాడే రూపంలో ఉంటుంది: నియేగొ కె సేయ బెర్దాద్, ఇది నిజమంటే ఒప్పుకోను. అదే నొ నియేగొ కె అని మొదలుపెడితే మామూలు రూపం ఎస్ అయినా, సబ్‌జంక్టివ్ సేయ అయినా సరే.

నాకు అన్నిటికన్నా నచ్చింది నొ కీసొ ఫిర్మార్. 'కెరేర్' క్రియ, కావాలనుకోవడం, ఈ భూతకాలంలో 'నొ'తో వస్తే సంతకం పెట్టనంటే పెట్టలేదని అర్థం. నొ కెరీయ ఫిర్మార్ అంటే ఇష్టం లేదు, అంతే. ఆ తర్వాత పెట్టి ఉండొచ్చు కూడా. మాటల్లో వాడటానికి ఇదే తేలిక. ఇంకా గట్టిగా కావాలంటే సె నెగో ఎన్ రెదోందొ, మన ససేమిరా. ప్రేమిస్తున్నానని వచ్చినవాడిని కాదంటే దార్ కలబాసస్, గుమ్మడికాయలివ్వడం అంటారు.

కార్డుల మీద విడి పదాలు రాయడం మానేశాను. ముందు వైపు తెలుగు వాక్యం, వెనక స్పానిష్. పైకి చదివి, తర్వాత నేను, మేము, వాళ్లు అని మారుస్తాను: మె నెగే అ, నొస్ నెగామొస్ అ, సె నెగారొన్ అ. ఈ 'సె' మనిషిని బట్టి మారడం నాలుకకి అలవాటయ్యాకే దెస్మెంతీర్ పట్టుకుంటాను. పుకార్లను, వార్తలను బహిరంగంగా అబద్ధమని చెప్పే క్రియ అది. దెస్మియేంతొ, దెస్మింతియో అని రెండు రకాలుగా మారుతుంది కాబట్టి దానికి వేరే వారం కావాలి.