దడ ఒక్కటే కాదు

నాకు ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పే జబ్బు, ఉందని తెలిసినవాళ్లు "అంటే గుండె దడేనా?" అని అడుగుతుంటారు. దడ ఒక్కటే కాదు. ఒక్కోసారి ఎదలో చేపపిల్ల గిలగిలా కొట్టుకున్నట్టు ఉంటుంది. ఒక్కోసారి ఒక దెబ్బ ఆగి, తర్వాతది గొంతుదాకా తగులుతుంది. నిన్న కడప ఉక్కపోతకు మిద్దె మీద పడుకుంటే, ఎడమ పక్కకు తిరగ్గానే మొదలైంది. మణికట్టు పట్టుకుని నిమిషం పాటు నాడి చూసుకున్నాను. వేగమే కాదు, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడం కూడా చూడాలి. అది సమానంగా లేదు.

ఈ జబ్బులో గుండె పై గదులు సరిగా ముడుచుకోకుండా వణుకుతాయి. అక్కడ రక్తం నిలిచి గడ్డకట్టి మెదడుకు చేరవచ్చు. ఇది లేనివాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు. అందుకే బాగున్న రోజు కూడా రక్తం పలచబరిచే మాత్ర మానను. "బాగానే ఉన్నావు కదా నాయనా, ఇంకెందుకు?" అంటుంది అమ్మ. ఆమెకూ ఇదే చెప్తాను.

ఛాతీ నొక్కేసినట్టు నొప్పి వచ్చినా, అది చేతికో దవడకో పాకినా, చెమటలు పట్టినా, ఊపిరాడకపోయినా, స్పృహ తప్పినా మామూలు దడే అనుకోకండి. మూతి వంకరపోయినా, మాట తడబడినా అంతే. వెంటనే 108కి ఫోన్ చేయండి. వాళ్లకు చూపించడానికి నా మాత్రల చీటీ ఫ్రిజ్ మీద అంటించి పెట్టాం.