కౌంటబుల్, అన్‌కౌంటబుల్ నౌన్స్: నేను ప్రిపేర్ అయిన పద్ధతి

ఎస్సెస్సీ సీజీఎల్‌కి (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష) చదువుతున్న తెలుగు మీడియం వాళ్లు ఇంగ్లిష్ గురించి నన్ను ఎక్కువగా అడిగేది ఒకటే. "అన్నా, అన్‌కౌంటబుల్ నౌన్స్ (ఒకటి, రెండు అని లెక్కపెట్టలేని నామవాచకాలు) లిస్టు ఉంటే పంపించు." లిస్టుదేముంది, ఏ గ్రామర్ పుస్తకంలోనైనా దొరుకుతుంది. ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్, అడ్వైస్, సీనరీ, మెషినరీ అంటూ కాగితం మీద రాసి గోడకు అంటించుకున్నవాళ్లను స్టడీ హాల్లో చాలామందిని చూశాను. అందులో ప్రతి మాటా వాళ్లకు కంఠతా వచ్చు. మాక్ టెస్టులో ఎర్రర్ స్పాటింగ్ (వాక్యంలో తప్పు ఎక్కడుందో పట్టే ప్రశ్నలు) దగ్గరికి వచ్చేసరికి మాత్రం 'నో ఎర్రర్' పెట్టేసి ముందుకెళ్లిపోతారు.

కారణం చెప్తాను. 'ఫర్నిచర్స్' అని బాహాటంగా ఇచ్చే ప్రశ్నలూ ఉంటాయి, వాటిని ఎవరైనా పట్టేస్తారు. మనల్ని పడగొట్టే ప్రశ్నల్లో నౌన్ సరిగ్గానే ఉంటుంది, తప్పు దాని ముందో వెనకో ఉంటుంది. 'ద ఇన్ఫర్మేషన్ గివెన్ బై ద ఆఫీసర్స్ ఆఫ్ త్రీ డిపార్ట్‌మెంట్స్ వర్ ఫాల్స్' అన్న వాక్యం తీసుకోండి. ఆఫీసర్స్, డిపార్ట్‌మెంట్స్ అని చదువుకుంటూ వచ్చేసరికి 'వర్' సహజంగానే అనిపిస్తుంది. కానీ సబ్జెక్ట్ ఇన్ఫర్మేషన్, కాబట్టి అక్కడ 'వాజ్' రావాలి.

అందుకే అన్‌కౌంటబుల్ మాట కనబడగానే నేను నాలుగు చోట్ల చూసేవాణ్ని: ముందు ఆర్టికల్, తర్వాత మెనీ, ఫ్యూ లాంటి మాట, తర్వాత వెర్బ్, చివర్లో ప్రొనౌన్. ప్రొనౌన్‌ని చాలామంది వదిలేస్తారు. 'ద లగేజ్ వాజ్ హెవీ, సో వుయ్ లెఫ్ట్ దెమ్ ఎట్ ద స్టేషన్' అంటే మొదటి సగం బాగానే ఉంది, రెండో సగంలో 'దెమ్' బదులు 'ఇట్' ఉండాలి. నాకు బాగా నచ్చిన ప్రశ్నలు ఇవే, ఎందుకంటే వాక్యం చివరిదాకా చదివినవాడికే మార్కు వస్తుంది.

ఇంగ్లిష్ మీడియం ఫ్రెండ్స్ ఒక సలహా ఇస్తుంటారు, వాక్యం పైకి చదివి చెవికి బాగుంటే కరెక్ట్ అనుకొమ్మని. మనకి అది పనికిరాదు. మన చెవికి పాలు పొంగాయి, నీళ్లు వచ్చాయి, వార్తలు విన్నాం, సలహాలు ఇచ్చారు, వెంట్రుకలు రాలుతున్నాయి అన్నీ బహువచనంలోనే అలవాటు. ఆ అలవాటుతో చదివితే 'ద న్యూస్ ఆర్ గుడ్', 'హి గేవ్ మి మెనీ అడ్వైసెస్' కూడా బాగానే వినిపిస్తాయి. కాబట్టి ఈ ఒక్క టాపిక్‌లో చెవిని పక్కనపెట్టి రూల్‌నే నమ్ముకోండి.

లిస్టు కూడా అవసరమే, కానీ నేను దాన్ని జంటలుగా రాసుకున్నాను. ఒక పక్క మొత్తాన్ని చెప్పే మాట, దాని ఎదురుగా లెక్కపెట్టగలిగే మాట. మెషినరీకి మెషీన్, పొయెట్రీకి పొయెమ్, జ్యువెలరీకి జ్యువెల్, ట్రాఫిక్‌కి వెహికిల్, లగేజ్‌కి బ్యాగ్, మనీకి రూపీ. సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్‌లో ఇది నేరుగా ఉపయోగపడుతుంది. 'మెనీ పొయెట్రీస్' అండర్‌లైన్ చేసి ఇస్తే ఆప్షన్లలో 'మెనీ పొయెమ్స్' ఎక్కడుందో వెతుక్కుంటే చాలు. ఇలా ఎదురు మాట లేనివాటికి 'పీస్ ఆఫ్' వాడాలి, 'ఎ పీస్ ఆఫ్ అడ్వైస్' లాగా. 'టూ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్' అన్నప్పుడు మాత్రం వెర్బ్ పీసెస్‌ని బట్టి వస్తుంది కాబట్టి 'ఆర్'. ఇక్కడ ఫర్నిచర్‌ని చూసి 'ఈజ్' పెట్టేవాళ్లు బోలెడుమంది.

క్వాంటిఫయర్లలో, అంటే ఎంత, ఎన్ని అని చెప్పే మాటల్లో, సమ్, ఎనీ, ఎ లాట్ ఆఫ్, ఎనఫ్ రెండు రకాల నౌన్స్‌కీ వస్తాయి, వాటి మీద టైమ్ పెట్టకండి. మెనీ–మచ్, ఫ్యూ–లిటిల్, ఫ్యూయర్–లెస్, నంబర్–అమౌంట్ ఈ నాలుగు జతలు చాలు. ఒక మెలిక ఉంది. దూరం, డబ్బు, కాలం చెప్పేటప్పుడు మాట ప్లూరల్‌లో ఉన్నా మొత్తాన్ని ఒకటిగానే చూస్తారు. అందుకే 'లెస్ దాన్ టెన్ కిలోమీటర్స్', 'ఫైవ్ హండ్రెడ్ రూపీస్ ఈజ్ ఎనఫ్' కరెక్టే. ఫ్యూయర్ రూల్ కొత్తగా నేర్చుకున్న ఉత్సాహంలో ఇలాంటి మంచి వాక్యాల్లో తప్పులు వెతకడం మొదలుపెడతాం, జాగ్రత్త.

ఆర్టికల్ దగ్గర కూడా అంతే. 'ఎ గుడ్ న్యూస్', 'యాన్ అడ్వైస్' తప్పు. కానీ 'ఎ గుడ్ నాలెడ్జ్ ఆఫ్ ఇంగ్లిష్' తప్పు కాదు, నాలెడ్జ్ అన్‌కౌంటబుల్ అయినా ఆ వాడుకలో 'ఎ' వస్తుంది. పేపర్ అంటే కాగితమైతే అన్‌కౌంటబుల్, వార్తాపత్రికో క్వశ్చన్ పేపరో అయితే 'ఎ పేపర్' అనొచ్చు. తలమీద జుట్టంతా 'హెయిర్', సాంబార్లో కనిపించినది 'ఎ హెయిర్'. అకామడేషన్‌కి అమెరికన్లు 's' చేరుస్తారు, మన పరీక్షలకు బ్రిటిష్ పద్ధతే పట్టుకోండి.

చివర్లో 's' ఉండి సింగులర్ వెర్బ్ తీసుకునే న్యూస్, మ్యాథమెటిక్స్, ఎకనామిక్స్, మీజిల్స్. 'S' లేకుండానే ప్లూరల్ తీసుకునే పోలీస్, క్యాటిల్, పీపుల్. ఎప్పుడూ ప్లూరల్‌గా ఉండే సిజర్స్, ట్రౌజర్స్. ఇవి అరగంట పని, అర్థం చేసుకోవడానికి పెద్దగా ఏమీ లేదు, బట్టీ కొట్టేయండి. సిజర్స్ ముందు 'ఎ పెయిర్ ఆఫ్' వస్తే వెర్బ్ సింగులర్ అవుతుందన్నది గుర్తుంటే చాలు.

ఎంత టైమ్ పెట్టాలన్నది మార్కుల్ని బట్టి చూసుకోండి. 2022లో మారిన పద్ధతి ప్రకారం టైర్ 1లో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు, ఒక్కోటి 2 మార్కులు, తప్పుకు అర మార్కు కోత. టైర్ 2లో 45 ప్రశ్నలు, ఒక్కోటి 3 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. ఈ టాపిక్ పేరుతో విడిగా ప్రశ్నలు రావు, ఎర్రర్ స్పాటింగ్‌లోనూ ఖాళీలు నింపడంలోనూ క్లోజ్ టెస్ట్‌లోనూ (ఒక పేరాలో చాలా ఖాళీలు నింపేది) కలిసిపోయి వస్తాయి. అందుకే దీన్ని ఆర్టికల్స్‌తోనూ సబ్జెక్ట్–వెర్బ్ అగ్రిమెంట్‌తోనూ కలిపి చదవండి. విడివిడిగా మూడుసార్లు చదివితే టెన్షన్ మూడింతలవుతుంది తప్ప లాభం లేదు.

ప్రాక్టీస్ విషయంలో నాది ఒక్క మాట. ప్రీవియస్ పేపర్లు చేసేటప్పుడు జవాబు కరెక్టయినా సరే, తప్పు ఆ నాలుగు చోట్లలో ఎక్కడుందో పక్కన ఒక అక్షరం రాసుకోండి: ఆర్టికల్ అయితే 'ఆ', వెర్బ్ అయితే 'వె', ఇలా. కొన్ని పేపర్లు అయ్యాక మీకు ఎక్కువగా తప్పిపోతున్నది ఏదో ఆ అక్షరాల్లోనే కనిపిస్తుంది. మాక్స్ రాసేవాళ్లు స్కోరు చూసి పేజీ మూసేస్తారు గానీ, ఇంగ్లిష్‌లో మార్కులు పెరిగేది ఈ అక్షరాలు తిరగేసినప్పుడే. పరీక్షకు ముందు వారం కొత్త లిస్టులు ముట్టుకోకుండా ఆ పేపర్లనే మళ్లీ చూసుకోండి.