సల్వదోర్ వీధుల్లో గాంధీ బిడ్డలు

కార్నివాల్ ఆదివారం మధ్యాహ్నం. బ్రెజిల్‌లోని సల్వదోర్ నగరంలో, పెలోరీన్యో రాళ్ల వీధిలో ఒక గోడకు ఆనుకుని నిలబడ్డాను. పెలోరీన్యో అంటే కొరడా దెబ్బల స్తంభం. బానిసలను కట్టేసి కొట్టిన చోటు. అదే వీధి ఇప్పుడు తెల్లగా మెరిసిపోతోంది. తెల్ల బట్టలు, తలకు తువ్వాలు పాగా, మెడ నిండా నీలం, తెలుపు పూసల దండలు వేసుకున్న వేలమంది మగవాళ్లు. వాళ్ల నడుమ చేతికర్రతో గాంధీజీ వేషంలో ఒక పెద్దాయన కనబడగానే నా గొంతు పూడుకుపోయింది.

'ఫిల్యోస్ ద గాంధీ', అంటే గాంధీ బిడ్డలు. గాంధీజీ హత్య జరిగిన మరుసటి ఏడాది, 1949లో, ఇక్కడి ఓడరేవు కార్మికులు పెట్టుకున్న బృందం ఇది. బానిసలుగా వచ్చిన ఆఫ్రికావాళ్లు గుండెల్లో దాచుకుని తెచ్చుకున్న ఒరిషా దేవతల ఆరాధనే కాండోంబ్లే. ఈ రాష్ట్రంలో దాని గుడులకు 1976 దాకా పోలీసుల అనుమతి కావలసివచ్చేది! అలాంటి కాలంలోనే ఆ లయను వీళ్లు బయటికి తెచ్చారు. అఫొషే అనే ఈ ఊరేగింపు సంగీతాన్ని 'వీధి కాండోంబ్లే' అని కూడా అంటారు.

బయలుదేరే ముందు దారులకు అధిపతి అయిన ఎషుకు కర్రపెండలం పిండి, పామాయిల్ కలిపి నైవేద్యం పెడతారు. తొలిపూజ వినాయకుడికి చేసే మనకు దీన్ని వివరించనక్కరలేదు.

ముందుగా అగొగో మోగింది. జంట ఇనుప గంటలను పుల్లతో కొడుతుంటే, పూసల వల తొడిగిన సొరకాయ బుర్రలు గలగలమన్నాయి. ఆ వెనుక అటబాకే మద్దెలలు. ఇజెషా అనే ఈ తాళంలో వాటిని అరచేతులతోనే వాయిస్తారు. చెవులు హోరెత్తుతాయని భయపడుతూ వెళ్లిన నన్ను ఆ లయ ఊయలలా ఊపింది. ఒకరు పశ్చిమ ఆఫ్రికా భాష యొరూబాలో పాట ఎత్తుకుంటే వేల గొంతులు అందుకున్నాయి, అచ్చం మన భజనలాగే.

1970ల తొలినాళ్లలో ఈ బృందం దాదాపు కనుమరుగైంది. లండన్ ప్రవాసం నుంచి తిరిగొచ్చిన జిల్బెర్తో జిల్, దీని పేరుతోనే పాట కట్టి, ఒరిషాలను ఒక్కొక్కరినే పేరుపెట్టి, దిగివచ్చి వీళ్లను చూడమని పిలిచాడు. తానూ వీళ్లతో కలిసి నడిచాడు. తరవాత దేశానికి సాంస్కృతిక మంత్రి అయిన గాయకుడాయన.

నేను ఇండియా నుంచి వచ్చానని తెలిసి ఒక నడివయసు మనిషి వరుసలోంచి వచ్చి, నా చేతుల మీద లావెండర్ పన్నీరు చిలకరించాడు. తన మెడలోని దండ తీసి నాకు వేశాడు. తెలుపు ఒషాలా అనే ఒరిషాకు, నీలం ఓగుమ్ అనే ఒరిషాకు అని చూపించాడు. మా ఇళ్లలో గాంధీజీని బాపూ అంటామని చెప్పాను. "బాపూ" అని రెండుసార్లు పలికి, ఇంకేదో అడగబోయాడు. అంతలో పాట మళ్లీ మొదలైంది. మాట సగంలో ఆపి, బదులు పాడుతూ వరుసలోకి వెళ్లిపోయాడు.