టెహాచపీ ఆకాశంలో ఒక శుక్రవారం

మా అల్లుడు సెలవు రోజుల్లో గ్లైడరు నడుపుతాడని తెలిసినా, దాని ముందు సీట్లో నేను కూర్చోవలసి వస్తుందని హైదరాబాదులో బయలుదేరేటప్పుడు అనుకోలేదు. లాస్ ఏంజిలిస్‌లో అమ్మాయి ఇంటికి చేరిన మూడో వారం, ఒక శుక్రవారం తెల్లవారకముందే అతను నన్ను కారెక్కించాడు. మొహావీ ఎడారి అంచు దాటి, గాలిమరలు బారులు తీరిన కొండల మధ్య నుంచి పైకెక్కితే టెహాచపీ అనే చిన్న ఊరు వస్తుంది. అక్కడి మౌంటెన్ వ్యాలీ విమానాశ్రయం సముద్రమట్టానికి సుమారు 4,200 అడుగుల ఎత్తున ఉంది. గ్లైడర్ల వాళ్ళు ఎక్కువగా చేరేది అక్కడే. ఆగ్నేయాన ఎడ్వర్డ్స్ వైమానిక స్థావరం, 1947లో చక్ యేగర్ తొలిసారి ధ్వని వేగాన్ని మించి ఎగిరింది ఆ ఎడారి మీదే. ఈశాన్యాన నౌకాదళం వారు ఆయుధాలు పరీక్షించే చైనా లేక్. ఇంజనే లేని విమానాలకు వీళ్ళ పొరుగు తప్ప మరో చోటు దొరకలేదా అని అడిగాను.

"వాళ్ళకు ఖాళీ నేల కావాలి, మాకు ఎండా కొండా కావాలి. మూడూ ఉన్నది ఇక్కడే, మావయ్య గారూ" అన్నాడు.

షెడ్డు పక్కన బల్ల మీద అతను పరిచిన పటం చూశాక నాకు అసలు సంగతి అర్థమైంది. ఆర్-2508 అని పిలిచే ఈ సైనిక గగనతలం విస్తీర్ణం దాదాపు 20,000 చదరపు మైళ్ళు, అంటే మన తెలంగాణలో ఇంచుమించు సగం. అందులో నీలం గీతల కంచె వేసిన భాగాలు నిషిద్ధ ప్రాంతాలు. సైన్యం వాడుకుంటున్న సమయంలో అనుమతి లేకుండా వాటిలోకి వెళ్ళకూడదు. ఆ సంగతి నేను ఊహించినదే. నన్ను ఆశ్చర్యపరచినవి వంగపండు రంగు గీతల మధ్య ఉన్న విశాలమైన ప్రాంతాలు. వాటిలో యుద్ధవిమానాలు విన్యాసాలు చేస్తూ ఉండగానే గ్లైడరు కూడా ఎవరినీ అడగకుండా వెళ్ళవచ్చునట. ఒకరినొకరు చూసుకొని తప్పుకోవడం ఇద్దరి బాధ్యత. శనాదివారాల్లో అక్కడ సందడి తక్కువగా ఉంటుందని, మనం వచ్చింది శుక్రవారమని అతను నవ్వుతూ చెప్పాడు. ఈ మాట అమ్మాయి ముందు ఎందుకు అనలేదో నేను అడగలేదు.

చట్టం ప్రకారం ఇంజనున్న విమానమే గ్లైడరుకు దారి ఇవ్వాలి. కానీ దారి ఇవ్వాలంటే ముందు కనిపించాలి కదా. మా గ్లైడరు రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 17 మీటర్లు. అయినా ఎదురుగా వచ్చేవాడికి కనబడేది ఒక సన్నని తెల్లగీత, దాని మధ్య ఒక గుండు. ఒళ్ళంతా ఫైబరే కాబట్టి రాడారుకు కూడా సరిగా ఆనదు. ఎదుటి విమానాన్ని చూసి, గుర్తుపట్టి, తప్పుకోవడానికి మనిషికి పన్నెండున్నర సెకన్లు పడుతుందని అమెరికా విమానయాన శాఖ లెక్క కట్టింది. 450 నాట్ల, అంటే గంటకు సుమారు 830 కిలోమీటర్ల, వేగంతో వచ్చే జెట్ ఆ వ్యవధిలో దాదాపు మూడు కిలోమీటర్లు దాటిపోతుంది. మూడు కిలోమీటర్ల దూరాన ఆ తెల్లగీతను నేనైతే చూడలేను.

అందుకే అతని సన్నాహమంతా చూడటం గురించి కాక చూపించుకోవడం గురించే సాగింది. ఆ రోజు ఏ ప్రాంతాలు వాడుకలో ఉన్నాయో ఫోనులో కనుక్కొని, తొడకు కట్టుకున్న కాగితం మీద రాసుకున్నాడు. చుట్టుపక్కల గ్లైడర్లను పసిగట్టే ఫ్లార్మ్ పెట్టె దీపం వెలిగిందో లేదో చూశాడు. ఆ పెట్టె స్విట్జర్లాండ్‌లో పుట్టింది; గ్లైడరూ గ్లైడరూ ఢీకొనకుండా అది బాగా పనికొస్తుంది గాని, యుద్ధవిమానాల్లో సాధారణంగా ఉండదు కాబట్టి వాటి విషయంలో దాన్ని నమ్ముకోకూడదట. వాటికి కావలసింది ట్రాన్స్‌పాండరు, అంటే రాడారుకు జవాబుగా ఒక గుర్తింపు అంకె పంపే పరికరం. దాని మీద 1202 అనే అంకె పెట్టాడు. నేల మీద రాడారు చూస్తూ విమానాలకు దారి చెప్పే కంట్రోలరు తెర మీద ఆ అంకె కనబడితే అది గ్లైడరని తెలుస్తుంది. చట్టం చాలా చోట్ల గ్లైడర్లకు ఈ పరికరం తప్పనిసరి చేయలేదు. ఆ మినహాయింపు నాకు మింగుడుపడలేదు.

"2006లో నెవాడాలో ఒక గ్లైడరును చిన్న బిజినెస్ జెట్ ఢీకొట్టింది. గ్లైడరులో ట్రాన్స్‌పాండరు ఉంది, బ్యాటరీ ఆదా అవుతుందని వేయలేదు. గ్లైడరు పైలట్ పారాచూట్‌తో దిగి బతికాడు, జెట్ కూడా ఎలాగో నేలకు చేరింది" అంటూ సీటు వెనక ఉన్న బ్యాటరీ తీగలను ఒకసారి లాగి చూసుకున్నాడు. అది సైనిక విమానం కాదు గాని, పాఠం మాత్రం అందరికీ ఒకటే.

వచ్చినవాళ్ళను ముందు సీట్లో కూర్చోబెట్టడం మర్యాద కోసమని అనుకున్నాను. "మీ కళ్ళు నాకు కావాలి" అన్నాడు వెనక నుంచి. లాగే విమానం మమ్మల్ని తాడుతో పైకి తీసుకుపోయి వదిలాక, ఒక కొండ వాలు మీద వేడిగాలిని పట్టుకొని గుండ్రంగా తిరుగుతూ తొమ్మిది వేల అడుగులకు చేరాం. గడియారం లెక్కన చూడాలి: ముక్కుకు ఎదురుగా పన్నెండు, కుడి భుజానికి మూడు. అతను ఎడ్వర్డ్స్‌లోని జాషువా కంట్రోలుకు, అంటే ఈ గగనతలాన్ని రాడారులో కనిపెట్టే కేంద్రానికి, మా చోటు, ఎత్తు చెప్పి, తూర్పున మరో కొండ వైపు తిన్నగా పోనిచ్చాడు.

కాసేపటికి రేడియోలో ఒక స్త్రీ గొంతు తొందర లేకుండా చెప్పింది: రెండు గంటల వైపు, ఆరు మైళ్ళు, మీకంటే కాస్త ఎత్తున, రెండు టీ-38 శిక్షణ జెట్లు. "వెతుకుతున్నాం" అని అల్లుడు జవాబిచ్చాడు. నేను వెతికాను. కొండలు, పొగమంచు, గాలిమరలు తప్ప మరేమీ కనిపించలేదు. ఆ తరువాత, కెనపీ అద్దం మీద గాలివాటు తెలియడానికి అతికించిన ఎర్ర ఊలు దారానికి కుడిపక్కన ఒక నల్లచుక్క కనిపించింది. ఈగ వాలిందేమో అనుకున్నాను. అది కదలలేదు.

"కదలకపోతేనే భయపడాలి" అని అతను కింద చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. పక్కకు జరిగే విమానం పక్కనుంచే పోతుంది, అద్దం మీద ఒకే చోట నిలిచి పెద్దదయ్యేదే మన మీదికి వస్తున్నది. నేను వేలు చూపించేలోగా అతను గ్లైడరును బాగా ఒరగవేశాడు. అలా ఒరిగినప్పుడే రెక్కల వెడల్పంతా ఎదుటివారికి పరుచుకొని, ఎండకు తళుక్కుమంటుందట. చుక్క రెండయింది, అద్దం మీద వెనక్కు జరిగింది. రెండు తెల్లని సన్నని విమానాలు మాకు కాస్త ఎత్తున, చాలా దూరంగా వెళ్ళిపోయాయి. "కనిపించాయి" అని అతను రేడియోలో చెప్పాడు. ఆమె మాట మొదలుకొని ఇదంతా నిమిషంలో ముగిసింది.

చప్పుడు తరువాత వచ్చింది. అల్వాల్‌లో చాలా ఏళ్ళు హకీంపేట కిరణ్ విమానాల మోత వింటూ బతికినవాణ్ణి కాబట్టి, మోత వచ్చిన వైపు చూస్తే విమానం ఉండదని, ముందుకు వెతకాలని నాకు తెలుసు. పైనుంచి కూడా అదే లెక్క.

దిగాక నేను ఈ రెండు వర్గాల మధ్య వైరం ఉంటుందేమోనని అడిగాను. అలాంటిదేమీ లేదట. ఎడ్వర్డ్స్‌లోని టెస్ట్ పైలట్ల పాఠశాలలో విద్యార్థులు గ్లైడర్లు కూడా నడిపి నేర్చుకుంటారు. 1961 ఫిబ్రవరిలో ఈ ప్రాంతంలోనే గ్లైడరులో 46,267 అడుగుల ఎత్తుకు చేరిన పాల్ బైకిల్, అప్పట్లో ఎడ్వర్డ్స్‌లోని నాసా పరిశోధన కేంద్రానికి అధిపతి. 18,000 అడుగులు దాటితే ప్రతి విమానమూ కంట్రోలరు చెప్పుచేతల్లో నడవాలి. అయినా చలికాలంలో సియెరా పర్వతాల మీద గాలి కెరటాలు లేచినప్పుడు, ముందుగా మాట్లాడుకొని గ్లైడర్ల కోసం కొంత ఆకాశాన్ని కిటికీలా తెరిచి ఉంచుతారు.

గ్లైడరును షెడ్డులోకి నెట్టాక అల్లుడు సీటు వెనక నుంచి బ్యాటరీ ఊడదీసి నా చేతిలో పెట్టాడు. చిన్నదే గాని బరువుగా ఉంది. గోడ పక్కన ఛార్జర్లు వరుసగా ఉన్నాయి. ఖాళీగా ఉన్న ఒకదానికి తగిలించి, ఎర్ర దీపం వెలిగేదాకా అక్కడే నిలబడ్డాను.