నోటీసు బోర్డు మీద వెలిసిపోయిన కాగితం: మా ఆఫీసులో కమిటీ వేసిన నా అనుభవం

మా కంపెనీలో హెచ్‌ఆర్, అడ్మిన్ రెండూ నేనే చూస్తాను. ఒక లా ఫర్మ్ వాళ్లు చిన్న సంస్థల కోసం శనివారాలు ఉచితంగా అవగాహన సదస్సులు పెడుతున్నారని తెలిసి 2024 సెప్టెంబరులో వెళ్లాను. ఆ రోజు పోష్ చట్టం గురించి చెప్పారు. అంటే పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపుల నివారణకు 2013లో వచ్చిన చట్టం. వచ్చినవాళ్లకి వాళ్లు విజిటింగ్ కార్డులు కూడా పంచలేదు. లాయర్లు తమ గురించి ప్రకటనలు ఇచ్చుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. ఆ ఒక్క విషయంతోనే నాకు వాళ్ల మీద నమ్మకం కుదిరింది.

మాట్లాడిన లాయరు మొదట అడిగింది, మీ దగ్గర ఎంతమంది పనిచేస్తున్నారని. "ఇరవై ఎనిమిది" అన్నాను. "హౌస్‌కీపింగ్ వాళ్లని కలిపారా? సెక్యూరిటీని? ట్రైనీలని?" కలపలేదు. వాళ్లు ఏజెన్సీ మనుషులు, జీతం ఏజెన్సీ ఇస్తుంది, మన లెక్కలోకి రారు అనుకున్నాను. చట్టం దృష్టిలో వాళ్లూ ఉద్యోగులేనట. కలిపితే 37 మంది. పదిమంది ఉంటే చాలు, ఇలాంటి ఫిర్యాదులు విచారించే ఇంటర్నల్ కమిటీ ఉండి తీరాలి. లేకపోతే 50 వేల రూపాయల వరకు జరిమానా.

కమిటీ మాకు ఉందనే నా ధీమా. సోమవారం ఫైలు తీసి చూస్తే ఒక పేజీ ఆర్డరు, నాలుగు పేర్లు. ప్రిసైడింగ్ ఆఫీసరుగా, అంటే కమిటీకి పెద్దగా రాసిన ఆవిడ ఉద్యోగం మానేసి రెండేళ్లయింది. బయటి సభ్యురాలి పేరు ఉండాల్సిన చోట ఖాళీ. నోటీసు బోర్డు దగ్గరికి వెళ్లాను. సెలవుల లిస్టు పైకెత్తితే దాని కింద ఉంది కమిటీ వివరాల కాగితం, ఎండకి పసుపు తిరిగి. ఫోన్ నంబరులో చివరి రెండు అంకెలు వెలిసిపోయాయి. ఐదేళ్లుగా రోజూ ఆ బోర్డు ముందు నుంచే నడుస్తున్నాను. ఈ మధ్యలో ఎవరికైనా ఏదైనా జరిగి, ఈ నంబరు కోసం వచ్చి చూసి వెనక్కి వెళ్లిపోయి ఉంటే? ఆ ఆలోచనకి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా ఎండీ గారు అడ్డు చెప్పలేదు. "పేర్లు మార్చి టైపు చెయ్యమ్మా, సంతకం పెడతాను" అన్నారు. కానీ పేర్లు దొరకడమే కష్టమైంది. ప్రిసైడింగ్ ఆఫీసరుగా పై హోదాలో ఉన్న మహిళ ఉండాలి, ఉద్యోగుల్లోంచి కనీసం ఇద్దరు, బయటి నుంచి ఒకరు, మొత్తం మీద సగానికి తగ్గకుండా మహిళలు. మా దగ్గర అందరికన్నా సీనియర్ అయిన మేడమ్ మొదట్లోనే వద్దన్నారు. "రేపు ఎవరి మీదైనా ఫిర్యాదు వస్తే, రోజూ వాళ్ల మొహం చూసేది నేనే కదా."

ఆ భయం నాకు అర్థమైంది. లా ఫర్మ్ నుంచి ఒక జూనియర్ లాయరమ్మ మా ఆఫీసుకి వచ్చి ఆవిడతో గంటసేపు కూర్చుంది. నిర్ణయం ఒక్కరిది కాదు, కమిటీది. సాక్షుల్ని పిలిపించడానికి, కాగితాలు తెప్పించడానికి సివిల్ కోర్టుకి ఉండే అధికారాలే కమిటీకీ ఉంటాయి. విచారణ 90 రోజుల్లో ముగించాలి, నచ్చనివాళ్లు అప్పీలుకి వెళ్లవచ్చు. ఇవన్నీ ఓపిగ్గా చెప్పింది. రెండు రోజుల తర్వాత మేడమ్ సరేనన్నారు.

బయటి సభ్యురాలిగా నువ్వే ఉండమ్మా అని ఆ అమ్మాయినే అడిగాను. ఒప్పుకోలేదు. "రేపు మా ఫర్మ్ మీ కంపెనీకి వేరే పనేదైనా చేస్తే, ఫిర్యాదు చేసిన ఆవిడకి నేను కంపెనీ మనిషిలాగే కనిపిస్తాను మేడమ్" అంది. ఆ కోణం నాకు తట్టనే లేదు. మూడు వారాలు వెతికాక మహిళల కోసం పనిచేసే ఒక సంస్థలోని పెద్దావిడ ఒప్పుకున్నారు. కమిటీ కూర్చున్న రోజుకి 200 రూపాయలు, ప్రయాణ ఖర్చులు ఇవ్వాలని రూల్స్‌లో ఉంది. ఆవిడ డబ్బు ఊసే ఎత్తలేదు, "కమిటీ ఏడాదికి ఎన్నిసార్లు కలుస్తుంది?" అని మాత్రం అడిగారు.

తర్వాత సిబ్బందికి మీటింగ్. హౌస్‌కీపింగ్ వాళ్లకి పని తీరిక ఉండే మూడు గంటలకి విడిగా పెట్టాను. జరిగిన మూడు నెలల లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు గడువిస్తారు అని చెబుతుంటే వెనక నుంచి ఒకావిడ అడిగింది. "నాకు రాయడం రాదు గదా మేడమ్, ఎట్లా ఇచ్చేది?"

రాయలేని వాళ్లకి కమిటీ సాయం చేయాలని చట్టంలోనే ఉంది. నేను ఆ మాట చెప్పబోయేలోపే మా సీనియర్ మేడమ్ లేచారు. "మీరు చెప్పండి అక్కా, నేను రాస్తాను. రాసింది మొత్తం చదివి వినిపించాకే మీ వేలిముద్ర తీసుకుంటాను." వద్దన్న మనిషి ఆవిడే. నాకు కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

లా ఫర్మ్ వాళ్లు నెలనెలా చట్టాల్లో మార్పుల గురించి మెయిల్ పంపుతారు. డిసెంబరు మెయిల్‌లో కొత్త కబురుంది. ప్రైవేటు సంస్థల్లోనూ కమిటీలు ఉన్నాయో లేదో జిల్లాల్లో సర్వే చేయించమని డిసెంబరు 3న సుప్రీంకోర్టు ఆదేశించింది. ఎండీ గారు అది చదివి "మనం ముందే చేసేశాం, ఇక టెన్షన్ లేదు" అన్నారు. జనవరిలో జిల్లా అధికారికి వార్షిక నివేదిక పంపాం. ఫిర్యాదులు సున్నా.

కొత్త నోటీసు తెలుగులో, పెద్ద అక్షరాలతో వేయించాను. బోర్డు మీదే కాక లేడీస్ టాయిలెట్ తలుపు లోపలి వైపు కూడా అంటించాను, నంబరు రాసుకుంటుంటే ఎవరూ చూడకుండా. కింద చింపుకుని తీసుకెళ్లడానికి నంబరుతో ఆరు చీటీలు కత్తిరించి ఉంచాను. ఫిబ్రవరిలో చూస్తే రెండు లేవు. ఎవరు తీసుకున్నారో నేను అడగలేదు. కొత్తగా రెండు చీటీలు కత్తిరించి, అక్కడే అతికించి వచ్చాను.