ఒబసన్, ఒబాసన్

పోయిన నెల మా జపనీస్ క్లాసులో ఒక కుర్రాడు మా పిన్నిని ముసలమ్మని చేసేశాడు. పాపం ఆవిడ అందరికీ టీ పట్టుకుని మేడ మీదకొచ్చింది. వీడు లేచి, నడుం వంచి, "ఒబాసన్, అరిగతో గొజైమాస్" అన్నాడు. జపనీస్‌లో ఒబసన్ అంటే పిన్నో అత్తో. ఒబాసన్ అంటే అమ్మమ్మ, నాన్నమ్మ. తేడా అంతా ఒక్క దీర్ఘంలోనే ఉంది. పిన్నికి ఆ భాష రాదు కాబట్టి సరిపోయింది. మొన్ననే జుట్టుకి రంగు వేయించుకుంది మరి.

తెలుగు పిల్లలు పడీపడీ నవ్వారు. వాడిది ఒడియా ఇల్లు. ఒడియాలో ఇ, ఈ రాతలో వేరువేరు, మాటలో మాత్రం ఒకటే. 'అ' అక్షరమేమో 'ఒ'కి దగ్గరగా పలుకుతుంది. అంటే పొట్టి 'అ' అనేదే వాడి చెవికి కొత్త. అది తెలియక నేను రెండు వారాలు వాడిని "సరిగ్గా విను, సరిగ్గా విను" అని విసిగించాను. చివరికి బోర్డు మీద ఆ రెండు మాటలూ తెలుగు లిపిలో రాసి, కింద 'పలక, పాలక' అని రాసి పలికించాను. వాడు తెలుగు చదవగలడు. ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనున్న మా పర్లాకిమిడిలో కొట్ల బోర్డులు చూసి చదవడం నేర్చుకున్న ఒడియా పిల్లలు చాలామందే ఉన్నారు. అక్కడితో వాడి ఒబసన్ కుదురుకుంది.

నేను చెన్నై దగ్గర ఒక జపాన్ కంపెనీ ఫ్యాక్టరీలో ఆరేళ్ళు దుబాసీగా పనిచేశాను. 2021లో నాన్నగారి ఆరోగ్యం కోసం ఇంటికొచ్చి, ఇక్కడే ఉండిపోయాను. సాయంత్రాలు మేడ మీద జపనీస్ చెప్తున్నాను. ఇప్పుడు తొమ్మిది మంది: ఐదుగురు తెలుగు, ముగ్గురు ఒడియా, గుమ్మా వైపు నుంచి వచ్చే ఒక సవర అమ్మాయి. ఈ ఊళ్ళో ఉండి పుస్తకాలు, కోర్సులు, పరీక్షల వివరాలు ఎలా దొరుకుతున్నాయని చాలామంది మెయిల్స్ రాస్తున్నారు. అందుకే ఈ పోస్టు.

పుస్తకం గురించి ముందు. ఇరొదొరి అనే పాఠ్యపుస్తకాన్ని జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక సంస్థ జపాన్ ఫౌండేషన్ వాళ్ళు తమ సైట్లో ఉచితంగా పెట్టారు. పీడీఎఫ్, ఆడియో రెండూ ఉంటాయి. మూడు భాగాలు, ఒక్కోదానిలో 18 పాఠాలు. జపాన్ వెళ్ళి పనిచేసుకునేవాళ్ళ కోసం రాసింది కాబట్టి అందులో కొట్లో సరుకులు కొనడం, జ్వరం వచ్చిందని చెప్పడం, చెత్త ఏ రోజు బయట పెట్టాలో అడగడం ఉంటాయి. సొంతంగా నేర్చుకోవాలంటే అదే సంస్థ నడిపే మినతో అనే ఆన్‌లైన్ వేదికలో ఉచిత కోర్సులున్నాయి. ఎన్‌హెచ్‌కే రేడియో వాళ్ళ చిన్న పాఠాలు హిందీలో, బెంగాలీలో ఉన్నాయి. మా ఒడియా పిల్లలు ఆ బెంగాలీ పాఠాలే ఎక్కువ వింటారు.

కానీ ఏ పుస్తకం పట్టుకున్నా తెలుగులో వివరణ నాకు దొరకలేదు, ఇంగ్లీషుతోనే నెట్టుకొస్తున్నాం. ఆ ఇంగ్లీషే మా పిల్లల్ని ఎక్కువ తికమక పెడుతోంది. 'తబెతె మిరు' అని ఒక ప్రయోగం ఉంది. పుస్తకంలో దానికి 'ట్రై' అని రాశారు. నేను మొదట నేర్చుకున్న చోట మాస్టారు క్లాసులో ఇంగ్లీషు, జపనీస్ తప్ప ఇంకో మాట రాకూడదనేవారు. దాంతో తినడానికి ప్రయత్నించడమూ, తిని ఎలా ఉందో చూడడమూ ఒకటే అనుకుని ఏడాదిపాటు తప్పు వాక్యాలు రాశాను. 'తబెతె' అంటే తిని, 'మిరు' అంటే చూడడం. అచ్చంగా మన 'తిని చూడు'! ఈ మాట మా క్లాసులో చెప్పగానే వెనక నుంచి ఒడియా కుర్రాడు "ఖాయి దేఖ" అన్నాడు. అక్కడా అంతే.

ఒకసారి చూడడం మొదలుపెడితే ఇలాంటివి వరసగా దొరుకుతాయి. 'కత్తె ఒకు'లో 'ఒకు' అంటే పెట్టడం, మనం కొనిపెట్టు అంటాం. 'వసురెతె షిమత్త' అంటే మర్చిపోయాను. అక్కడ 'షిమవు' చేసే పని ఇక్కడ మన 'పోవు' చేస్తోంది, ఆ 'అయ్యో'తో సహా. "వస్తానని చెప్పింది" అనే వాక్యంలో మన 'అని' కూర్చున్నచోట జపనీస్‌లో 'తొ' కూర్చుంటుంది, ఒడియాలో 'బోలి' కూర్చుంటుంది. క్రియ చివరికే రావాలని నేను వాళ్ళకెప్పుడూ చెప్పాల్సిన పని పడలేదు. పుట్టినప్పటి నుంచీ అలాగే మాట్లాడుతున్నారు. 'త్సు' పలకడం రానివాళ్ళని, వాళ్ళ మామ్మ 'చుక్క' అనే మాట ఎలా అంటుందో విని రమ్మంటాను.

అన్నీ ఇలా కలిసొస్తాయనుకోకండి. మనకి ఇవ్వడం ఒక్కటే. వాళ్ళకి నేను ఎదుటివాళ్ళకిస్తే 'అగెరు', ఎదుటివాళ్ళు నాకిస్తే 'కురెరు'. ఇది ఎన్నిసార్లు చెప్పినా మళ్ళీ మొదటికే వస్తుంది. చైనా నుంచి వచ్చిన కంజి అక్షరాల దగ్గర తెలుగూ ఆదుకోదు, ఒడియా కూడా ఆదుకోదు. రోజుకి ఐదు రాయాలి, అంతే.

పరీక్షల సంగతి. జపనీస్ భాషా సామర్థ్య పరీక్ష జేఎల్‌పీటీకి ఎన్5 (అన్నిటికంటే తేలిక) నుంచి ఎన్1 వరకు ఐదు స్థాయిలు. జూలైలో, డిసెంబర్‌లో మొదటి ఆదివారం జరుగుతుంది. ఎన్5లో 180కి 80 వస్తే పాస్, కానీ వినికిడి భాగంలో 60కి 19 రాకపోతే మిగతాది ఎంత వచ్చినా ఫెయిలే. మా వాళ్ళు కోల్‌కతా కేంద్రం పెట్టుకుంటారు. ఇక్కడి నుంచి పలాస వెళ్ళి రాత్రి రైలెక్కాలి. ఈ పరీక్ష మీద నాకో ఫిర్యాదుంది: మాట్లాడడం అడగరు. ఎన్4 సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని మంచినీళ్ళడగలేని వాళ్ళని నేను చూశాను.

ఉద్యోగం కోసం వచ్చేవాళ్ళే మా క్లాసులో ఎక్కువ. జపాన్ 2019 ఏప్రిల్‌లో తొకుతె గినో అనే నైపుణ్య వీసా తెచ్చింది. మన దేశంతో దానికి 2021 జనవరిలో ఒప్పందం కుదిరింది. ఎన్4 గానీ, జపాన్ ఫౌండేషన్ వాళ్ళ ఇంకో భాషా పరీక్ష జేఎఫ్‌టీ బేసిక్‌లో 250కి 200 గానీ తెచ్చుకోవాలి. దాంతోపాటు ఆ పనికి సంబంధించిన నైపుణ్య పరీక్ష కూడా ఉంటుంది. వృద్ధుల సేవ పనికైతే ఆ పనిలో వాడే జపనీస్ మీద ఇంకో పరీక్ష అదనం. మా క్లాసులో జీఎన్ఎం నర్సింగ్ అమ్మాయి ఇప్పుడు దానికే చదువుతోంది.

ఇక్కడ ఒక చేదు అనుభవం చెప్పాలి. మా స్టూడెంట్ వాళ్ళ నాన్న, నాకు చెప్పకుండా, సిటీలో ఒక ఏజెంటుకి లక్ష రూపాయలు కట్టాడు. మూడు నెలల్లో ఎన్4, ఆ వెంటనే వీసా అన్నాడట. నా లెక్కలో సున్నా నుంచి ఎన్4కి మూడొందల గంటలు పడతాయి, అదీ ఇంట్లో చదివితే. మూడు నెలలైంది, ఆరు నెలలైంది, ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. ఆయన మా గుమ్మంలో కూర్చుని "అప్పుడే నిన్నడిగితే బాగుణ్ణు తల్లీ" అంటుంటే నాకేం చెప్పాలో తోచలేదు. ఎవరికైనా డబ్బు కట్టేముందు విదేశాంగ శాఖ ఈ-మైగ్రేట్ సైట్లో ఆ ఏజెంట్ రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూడండి. రిజిస్టరైన ఏజెంటు కూడా సర్వీసు ఫీజుగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ దాటి తీసుకోకూడదు. రసీదు అడగండి. మొహమాటపడకండి.

జర్మన్ గురించి అడిగినవాళ్ళకి నాకు తెలిసింది కొంచెమే. రాయగడలో ఉన్న మా చెల్లి, నర్సు, జర్మన్ ప్రసార సంస్థ డాయిచె వెలె వాళ్ళ ఉచిత వీడియో కోర్సు 'నికోస్ వెక్'తో మొదలుపెట్టింది. ఐఐటీ మద్రాస్ వాళ్ళ జర్మన్ పాఠాలు ఎన్‌పీటెల్ అనే ఆన్‌లైన్ పాఠాల వేదికలో ఉన్నాయి. గోథె సంస్థ పెట్టే మధ్యస్థాయి జర్మన్ పరీక్ష బీ1లో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం నాలుగూ విడివిడి భాగాలు, ఒక్కోదానిలో 100కి 60 రావాలి. ఒకటి పోతే ఆ ఒక్కటే మళ్ళీ రాసుకోవచ్చు. ఇది మాత్రం జేఎల్‌పీటీ కంటే నాకు నచ్చింది.

టీచర్లకి ఏముంది అంటే, ఉంది, కానీ వెతుక్కోవాలి. 2017లో రెండు దేశాలూ కలిసి ఐదేళ్ళలో వెయ్యి మంది జపనీస్ టీచర్లని తయారు చేస్తామన్నాయి. 2018లో ఢిల్లీలో దానికోసం శిక్షణ కేంద్రం పెట్టారు. ఆ వెయ్యిలో మా వైపు వచ్చినవాళ్ళని నేనైతే చూడలేదు. విదేశీ టీచర్లకి జపాన్‌లోనే, సైతమ జిల్లా ఉరవలో ఉన్న జపాన్ ఫౌండేషన్ కేంద్రంలో శిక్షణ ఇస్తారు. నేను ఈసారి అప్లై చేద్దామనుకుంటున్నాను. పాఠం ఎలా చెప్తావో రాయమంటే ఒబసన్ కథే రాస్తాను. అన్నట్టు, ఇంగ్లీషు టీచర్లుగా ఉన్నవాళ్ళు ఫుల్‌బ్రైట్ ఎఫ్ఎల్‌టీఏ అనే పథకం చూడండి. అమెరికా కాలేజీల్లో తొమ్మిది నెలలు మన భాషలు చెప్పడానికి పంపుతారు, ఆ భాషల్లో తెలుగూ ఉంది. అక్కడ మనదే విదేశీ భాష.

తెలుగు లిపిలో జపనీస్ రాయిస్తున్నానంటే పాత సహోద్యోగి ఒకావిడ ఫోన్లో కోప్పడింది, ఉచ్చారణ పాడైపోతుందని. రెండో వారం నుంచి జపనీస్ లిపి హిరగనలోకి మార్చేస్తాను, భయపడకండి. అయినా ఈ పని మా ఊళ్ళో కొత్తగా చేసిందేం కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు ఇక్కడ రాజావారి స్కూల్లో మాస్టారు. సవర భాషకి పుస్తకమే లేని రోజుల్లో సవరల దగ్గరే విని నేర్చుకుని, తెలుగు లిపిలో రాసి, వాళ్ళ పిల్లలకి వాచకాలు తయారు చేశారు. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి. మనం వ్యావహారిక భాష గొడవ దగ్గరే ఆయన్ని తలుచుకుంటాం గానీ, నాకు మాత్రం ఆయన ముందు ఒక భాష నేర్చుకున్న స్టూడెంటు.

ఈ కథ క్లాసులో చెప్పిన రోజున మా సవర అమ్మాయి ఏం మాట్లాడలేదు. మా నోట్సులో మూడు గళ్ళుంటాయి: జపనీస్, తెలుగు, ఒడియా. మర్నాడు వచ్చి, "మేడమ్, నాలుగో గడి గీసుకోనా?" అని అడిగింది. స్కేలు ఇచ్చాను. నీళ్ళు, ఇల్లు, అన్నం వరకు అక్కడే రాసేసింది. 'తిని చూడు' దగ్గర పెన్సిల్ ఆగింది. సవరలో అలా అంటారా అనరా అని తనలో తనే రెండుసార్లు ఏదో అనుకుని చూసుకుంది. నాకా భాష రాదు. ఆదివారం ఊరెళ్ళినప్పుడు నాన్నమ్మని అడిగి రాసుకొస్తానంది.