పాత కలర్ ఫోన్లోంచి ఫొటోలు లాగడానికి నేను పడ్డ పాట్లు

నిన్న రాత్రే పని అయింది, కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నా. నా మొదటి కలర్ స్క్రీన్ ఫోన్లో ఇన్నేళ్లుగా ఇరుక్కుపోయిన ఫొటోలు మొత్తానికి బయటపడ్డాయి.

ఇప్పటి పిల్లలకి చెప్పినా అర్థం కాదు గానీ అప్పట్లో కలర్ ఫోనంటే మామూలు హోదా కాదు. 2001లో ఎరిక్సన్ టీ68 256 రంగులతో వచ్చింది, 2002లో నోకియా 7210 వచ్చేసరికి అవి 4096 అయ్యాయి, స్క్రీన్ 128 బై 128 చుక్కలు (పిక్సెళ్లు). నాదీ అదే స్క్రీన్ ఉన్న తరానిదే, పైగా కెమెరా ఉంది. కంపెనీ పేరు మాత్రం చెప్పను, తిట్టబోతున్నా కదా. నేను జేబులోంచి తీస్తే చుట్టూ నలుగురు చేరేవాళ్లు, వాల్‌పేపర్ మార్చి చూపించమనేవాళ్లు. అందరికంటే ముందు కొన్నది నేనే, ఆ మాట ఇప్పటికీ చెప్పుకుంటా. ఎండలోకి వెళ్తే మాత్రం ఒక్క ముక్క కనపడేది కాదు, అరచెయ్యి అడ్డం పెట్టుకుని మెసేజ్ చదువుకోవాలి. బ్లాక్ అండ్ వైట్ ఫోనోళ్లు "మాకు ఎండలోనే బాగా కనిపిస్తుంది, చార్జింగ్ కూడా అన్నాళ్లొస్తుంది" అని ఏడిపించేవాళ్లు, అది నిజమే కూడా.

సరే, అసలు సంగతి. బ్యాటరీ ఉబ్బింది, పారేసి కొత్తది తెప్పించా. ఉబ్బిన బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, చార్జింగ్ పెట్టడం లాంటివి చెయ్యకండి. బీఎల్-5సీ లాంటి రకాలైతే ఇప్పటికీ చిన్న రేడియోల్లో స్పీకర్లలో వాడుతున్నారు కాబట్టి సులువుగానే దొరుకుతాయి. చార్జర్ దొరికింది. ఆన్ చేస్తే సిమ్ పెట్టమంటుంది, సిమ్ లేకపోతే మెనూలోకే పోనివ్వదు. ఇప్పటి నానో సిమ్‌ని, దాన్ని పాత పెద్ద సైజుకి తెచ్చే ప్లాస్టిక్ అడాప్టర్‌లో పెట్టి తోశా, సిగ్నల్ రాకపోయినా మెనూ తెరుచుకుంది. ఒక్క జాగ్రత్త, సిమ్ లేకుండా ఖాళీ అడాప్టర్ మాత్రం తోయకండి, లోపలి స్ప్రింగ్ పిన్నులు ఆ ఖాళీలో పట్టుకుని విరిగిపోతాయి.

ఇంతవరకూ హాయిగా జరిగింది. ఫొటోలు ఉన్నాయి, కనిపిస్తున్నాయి, కానీ బయటికి తెచ్చే దారే లేదు! బ్లూటూత్ లేదు, మెమరీ కార్డ్ లేదు. ఉన్నవి మూడే దారులు, ఎంఎంఎస్ (ఫొటోని మెసేజ్‌గా పంపడం), కేబుల్, ఇన్‌ఫ్రారెడ్ (టీవీ రిమోట్‌లా కంటికి కనపడని వెలుగుతో పంపడం). నెట్‌వర్కే లేనప్పుడు ఎంఎంఎస్ ఎక్కడిది. కేబుల్ కోసం ఆ కంపెనీ సర్వీస్ కౌంటర్‌కి వెళ్లా, అక్కడే తగిలింది దెబ్బ. కౌంటర్లో కుర్రాడు ఫోన్ని అటూ ఇటూ తిప్పి పక్కవాడికి చూపించాడు, వాడు ఇంకొకడిని పిలిచాడు, ముగ్గురూ కలిసి నవ్వులు. "అంకుల్, ఇది మ్యూజియంకి ఇచ్చేయండి" అన్నాడు ఒకడు. వెనక లైన్లో ఉన్నవాళ్లు కూడా తొంగిచూసి నవ్వారు. ఇదే ఫోన్ పట్టుకుని తిరిగితే ఒకప్పుడు జనం మూగేవాళ్లు, ఇప్పుడూ మూగారు, తేడా మీకే తెలుసు. కేబుల్ ఉందా లేదా అని అడిగితే దానికి జవాబు లేదు, సిస్టమ్‌లో మోడల్ నంబరే రావట్లేదంట. తాము అమ్మిన ఫోనే తమకి తెలియదంటే ఇంక వీళ్లనేం అడగాలి! చివరికి ఒక సలహా పారేశాడు, "ఆ స్క్రీన్‌నే మీ కొత్త ఫోన్తో ఫొటో తీసుకోండి అంకుల్, సింపుల్."

సింపులా? నా ఫోన్ కెమెరా తీసేది 352 బై 288, అంటే లక్ష పైచిలుకు చుక్కలు. స్క్రీన్లో ఉన్నవి 16,384. అంటే అది చూపించేది ఆరో వంతు చుక్కలే, స్క్రీన్‌ని ఫొటో తీస్తే మిగతావన్నీ పోయినట్టే కదా. ఈ లెక్క వాడికి చెప్పబోతే "నెక్స్ట్" అని వెనకాయన్ని పిలిచాడు. ఇలాంటి కౌంటర్లకి పాత సామాను పట్టుకుని వెళ్లకండి, డబ్బు కాదు పరువు పోతుంది.

ఇక మిగిలింది ఇన్‌ఫ్రారెడ్. మా బావమరిది దగ్గర విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత ఆఫీస్ ల్యాప్‌టాప్ మూలన పడుంటే తెచ్చుకున్నా. దాని పక్కన నల్లటి అద్దం ముక్క ఉంటుంది, అదే పోర్టు. ఎంత ఎదురుగా పెట్టినా ఫోన్ కనపడట్లేదు. ఫోన్ తప్పా ల్యాప్‌టాప్ తప్పా తేలక బుర్ర వేడెక్కిపోయింది. అప్పుడు టీవీ రిమోట్‌కి చేసే చిట్కా గుర్తొచ్చింది, కొత్త ఫోన్ సెల్ఫీ కెమెరాలోంచి పాత ఫోన్ తలవైపు చూస్తూ సెండ్ నొక్కా, కంటికి కనపడని ఆ వెలుగు ఊదారంగులో మిణుకు మిణుకుమంది. అంటే ఫోన్ బాగానే ఉంది, తేడా ల్యాప్‌టాప్‌లో. బయోస్‌లోకి, అంటే విండోస్ మొదలయ్యేలోపు తెరుచుకునే సెట్టింగుల్లోకి వెళ్లి చూస్తే ఇన్‌ఫ్రారెడ్ ఆఫ్ చేసి ఉంది! అది ఆన్ చేసి మళ్లీ పెట్టగానే ఇంకో పరికరం దగ్గర్లో ఉందని కింద చిన్న గుర్తు వచ్చింది, నేను అరిచిన అరుపుకి ఇంట్లోవాళ్లు పరిగెత్తుకొచ్చారు. తర్వాత ఒక్కో ఫొటో పంపడమే, కదిలిస్తే తెగుతుంది కాబట్టి ఊపిరి బిగబట్టి కూర్చోవాలి, వచ్చినవి వచ్చినట్టు డెస్క్‌టాప్ మీద పడతాయి.

ఇక్కడ నేను ఊహించనిది ఒకటి జరిగింది. సముద్రం దగ్గర సాయంత్రం పూట తీసిన ఫొటో ఒకటుంది, ఫోన్లో ఆకాశం మెట్లు మెట్లుగా, చారలు చారలుగా కనిపించేది, కెమెరా గొప్పతనం ఇంతేలే అనుకున్నా అప్పట్లో. కంప్యూటర్లో తెరిస్తే చారలే లేవు, ఆరెంజ్ మెల్లగా నీలంలో కలిసిపోయింది. 4096 రంగులంటే ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోదానికి పదహారు మెట్లే, ఫైల్లో మాత్రం ఒక్కోదానికి 256 ఉన్నాయి. కెమెరా తన పని తను చేసింది, నేను గొప్పలు చెప్పుకుని తిరిగిన ఆ కలర్ స్క్రీనే చూపించలేకపోయింది.

ఎస్సెమ్మెస్‌లు మాత్రం రాలేదు, నా ఫోన్లో వాటిని ఇన్‌ఫ్రారెడ్‌లో పంపే ఆప్షనే లేదు. ఒక్కోటి చూసి నోట్‌బుక్‌లో ఎక్కిస్తున్నా, సగం అయింది. బావమరిది ల్యాప్‌టాప్ తిరిగిచ్చెయ్ బావా అని ఒకటే గొడవ. అప్పుడే ఇవ్వను, మా ఆవిడ పాత ఫోన్ కూడా దొరికింది.